ఆపరేటరు గదిలోంచి చూసిన దెయ్యాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి పక్క గదిలో గోళ్ళ రంగు తుడుచుకుంటూ ఉంటే ఆ ఘాటు వాసన నేను కూర్చున్న చోటికి వచ్చింది. ఇంట్లో మిగతావారికి అది గోళ్ళ రంగు వాసనే. నాకు మాత్రం ఫిల్ము సిమెంటు వాసన. తెగిన రీలు కొసలను బ్లేడుతో గీకి, సన్నని కుంచెతో ఆ ద్రవాన్ని రాసి, ఒకదానిమీద ఒకటి నొక్కి అతికించేటప్పుడు మా నాన్నగారి ఆపరేటరు గది నిండా ఆ వాసనే ఉండేది. రెండింటిలోనూ అసిటోన్ ఉంటుందని తరువాతెప్పుడో చదివాను. ఆ వాసన తగలగానే నాన్నగారి చేతులు, ప్రొజెక్టర్ల చప్పుడు, ఆ చప్పుడు మధ్య కింది హాలులోంచి ఒక్కసారిగా లేచిన కేకలు వరుసగా గుర్తుకొచ్చాయి. ఆ కేకలకు కారణం రామ్‌గోపాల్ వర్మ తీసిన "రాత్రి" సినిమా.

వర్మ గారంటే ఇప్పటివారికి గుర్తొచ్చే సంగతులు వేరు. నాకు గుర్తొచ్చేది మాత్రం భయాన్ని మన ఇళ్ళలోకి తీసుకొచ్చిన దర్శకుడు. ఆయన సినిమాలను నేను ముందు బొమ్మగా చూసి, ధ్వనిగా చాలా ఆలస్యంగా విన్నాను. అందువల్లనే ఆయన పనితనం కొంచెం వేరే దారిలో అర్థమైందనుకుంటాను.

మాది తణుకుకూ భీమవరానికీ మధ్య కాలువ గట్టున ఉన్న ఊరు. హాలుకు రేకుల కప్పు. నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల గారి వేంకటేశ్వర స్తుతి వేసేవారు, అది వినిపించగానే చేలలో ఉన్నవాళ్ళు కూడా అడుగు వేగం పెంచేవారు. వెనక ఇనుప మెట్లు ఎక్కితే ఆపరేటరు గది. అందులో రెండు ప్రొజెక్టర్లు, ఒక్కొక్కదానిలో ఎదురెదురుగా రెండు కార్బన్ కడ్డీలు. అవి మండుతూ ఉంటే పొగ పైకప్పులోని గొట్టంలోంచి బయటికి పోయేది. మంట ఎలా ఉందో నల్లద్దంలోంచి చూస్తూ, కడ్డీలు అరిగేకొద్దీ మర తిప్పి వాటిని దగ్గరికి జరపడం నాన్నగారి పని. తెరమీద కుడివైపు పైమూలలో నల్లచుక్క కనబడగానే రెండో యంత్రం మోటారు వేయాలి, మరో చుక్క కనబడగానే వెలుతురు మార్చాలి. ఆ మార్పు కింద కూర్చున్నవారికి తెలియకుండా జరగడమే ఆపరేటరు గొప్పతనం. అది తెలిసిందంటే ఈలలు వేసి తిట్టేవారు, తెలియకపోతే ఎవరూ మెచ్చుకునేవారు కాదు.

గది గోడకు అద్దాలు బిగించిన కంతలు ఉండేవి. వెలుతురు వెళ్ళేవి కొన్ని, ఆపరేటరు చూసుకునేవి కొన్ని. బడి లేని రోజుల్లో నేను ఒక ఖాళీ రీలు డబ్బా మీద నిలబడి ఆ కంతలోంచి సినిమాలు చూసేవాణ్ణి. గదిలో వినడానికి ఒక చిన్న స్పీకరు ఉండేది గానీ, ఎప్పుడూ గరగరలాడుతుండడం వల్ల నాన్నగారు దాన్ని పూర్తిగా తగ్గించి ఉంచేవారు. ప్రొజెక్టరు చప్పుడులో మాటలు వినబడేవి కావు. నా చిన్నతనంలో చూసిన సినిమాలన్నీ ఆ విధంగా నాకు మూగబొమ్మలే. పాటలు మాత్రం గోడలు దాటి వచ్చేవి.

* * *

అప్పటికి మాకు తెలిసిన దెయ్యాలు వేరు. విఠలాచార్య గారి సినిమాల్లో దెయ్యాలు పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్ళు పెట్టి వంట చేసేవి. వాటిని చూసి పిల్లలు భయపడి, వెంటనే నవ్వేవారు. వారపత్రికల్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి క్షుద్రశక్తుల నవలలు వచ్చిన రోజుల్లో మా వీధిలో పెద్దవాళ్ళు కూడా నిమ్మకాయ కనబడితే చుట్టూ తిరిగి వెళ్ళేవారట. ఆ నవలల్లోంచి "కాష్మోరా" సినిమాగా కూడా వచ్చింది. ఇవి కాక మా అమ్మమ్మ చెప్పే కొరివి దెయ్యాలు, చింతచెట్టు మీది కామినులు ఉండనే ఉన్నాయి.

వీటన్నిటికీ ఒక చిరునామా ఉండేది. శ్మశానం, పాడుబడ్డ బంగళా, ఊరి చివరి చెట్టు, అమావాస్య రాత్రి. ఆ చోటికి, ఆ వేళకు వెళ్ళకపోతే మనకేమీ కాదన్న ధీమా కూడా ఆ కథల్లోనే ఉండేది. తెల్లచీర, గజ్జెల చప్పుడు, గుడ్లగూబ అరుపు వినబడగానే ఇక దెయ్యం వస్తుందని ప్రేక్షకులు సర్దుకుని కూర్చునేవారు. "వస్తోంది, వస్తోంది" అని ముందు వరుసలోంచి ఎవరో ఒకరు ప్రకటించేవారు కూడా.

"రాత్రి" వచ్చినప్పుడు అలా ప్రకటించడానికి ఎవరికీ వీలు దొరకలేదు.

* * *

విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారు ఆఫీసు నుంచి రీలు డబ్బాలు బస్సుమీద వచ్చేవి. "శివ" తీసిన కుర్రాడి సినిమా అనగానే హాలు మేనేజరు గారు ఎంతో ఆశపడ్డారు. 1989లో "శివ" మా ఊళ్ళో కుర్రాళ్ళను ఎంతగా ఊపిందో చెప్పనక్కరలేదు; సైకిలు చెయిన్లు భద్రంగా ఉన్నాయో లేదో ఇళ్ళలో పెద్దవాళ్ళు చూసుకునే పరిస్థితి వచ్చింది. ఆ తరువాత "క్షణక్షణం" వచ్చింది. కాబట్టి ఈసారి కూడా ఫైట్లు, పరుగులు ఉంటాయని జనం అనుకున్నారు. పోస్టరు మీద రేవతి గారి ముఖం చూసి, ఆడవాళ్ళు కూడా మంచి కుటుంబ చిత్రమనే నమ్మకంతో మొదటి ఆటకు పిల్లలతో వచ్చారు.

మొదట్లో ఆమె ఒక నిర్మానుష్యమైన ఊళ్ళో బస్సు దిగి నడుస్తుంది. వీధిలో ఎవరూ లేరు. కెమెరా ఆమె వెనకే నేలకు దగ్గరగా, ఎక్కడా కుదుపు లేకుండా సాగుతూ ఉంటుంది. నడిచేది ఆమె, వెంబడించేది ఎవరో తెలియదు. కంతలోంచి చూస్తున్న నాకు అది వట్టి నడక. ఎండ, వీధి, గోడలు, ఒక అమ్మాయి. ఇందులో ఏముందని నేను విసుక్కుంటూ ఉండగానే కింద హాలు మొత్తం ఒక్కసారి కేక పెట్టింది. తెర మీద నేను చూసినదానికీ ఆ కేకకూ పొంతన కుదరలేదు. నాన్నగారు కూడా కడ్డీల దగ్గరినుంచి తలెత్తి, "ఏమైందిరా, రీలు గానీ తెగిందా?" అని అడిగారు.

తెగలేదు. అలాంటి కేకలు ఆ సాయంత్రం మళ్ళీ మళ్ళీ వినిపించాయి. తమాషా ఏమిటంటే ఆ కేకలకు ముందు హాలులో ఉండే నిశ్శబ్దం. మామూలుగా మా హాలులో నిశ్శబ్దమన్నది ఉండేది కాదు. పిల్లల ఏడుపులు, వేరుశనక్కాయల చప్పుడు, తలుపు తీసి వేసే గేటుకీపరు తాత దగ్గు, ఇవన్నీ సినిమాతో పాటే నడిచేవి. ఆరోజు వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. రెండో యంత్రం మార్చిన క్షణంలో నాన్నగారు తలుపు ఓరగా తీసి కాసేపు విన్నారు. తలుపు మూసి, "సౌండుతో చంపుతున్నాడ్రా" అన్నారు.

అది విన్న తరువాత నేను తలుపు దగ్గరికి చేరాను. ఒక కన్ను కంతలో, ఒక చెవి తలుపు సందులో పెట్టి మిగతా సినిమా చూశాను. కథ చాలా మామూలు మనుషులది. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లోకి దిగుతుంది. ఇంట్లోని చిన్నపిల్లవాడికి ఒక పిల్లిపిల్ల దొరుకుతుంది. ఇంటిపెద్ద కారు వెనక్కి తీస్తూ తెలియక దాన్ని చంపి, ఎవరికీ చెప్పకుండా పాతిపెడతాడు. అయినా అది మళ్ళీ కనబడుతుంది. క్రమంగా ఆ ఇంటి ఆడపిల్లే మారిపోవడం మొదలవుతుంది. ఇందులో పాడుబడ్డ బంగళా లేదు, గజ్జెలు లేవు. కాలేజీకి వెళ్ళే అమ్మాయి, గుమ్మంలో కారు, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకునే నాన్న. చిరునామా మా ఇంటి చిరునామాలాగే ఉంది. తలుపు చప్పుడు, నీళ్ళ చప్పుడు, పిల్లి అరుపు ఏ ఇంట్లోనైనా వినబడేవే. అవి ఎంతసేపు వినిపించాలి, ఎప్పుడు ఆగిపోవాలి అన్నదే ఆ దర్శకుడి లెక్క.

సినిమా హాలులో ఆమె ఒంటరిగా మిగిలిపోయే ఘట్టం వచ్చినప్పుడు మా హాలులో జరిగింది ఎప్పటికీ మరువలేను. కంతలోంచి తెరకన్నా జనమే ఎక్కువగా కనబడతారు. వరుసలు వరుసలుగా తలలు వెనక్కీ పక్కకీ తిరిగి తమ పక్కన కూర్చున్నవారు ఇంకా ఉన్నారా అని చూసుకున్నాయి. బెంచీలలో ఒకాయన లేచి, నేలలో కూర్చున్న తన బావమరిదిని పేరు పెట్టి పిలిచాడు. అతను పలికిన తరువాతే కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

* * *

ఆ వారం నాన్నగారు ఫిల్ము ఎక్కించేటప్పుడు చూపిన శ్రద్ధ నేను మరి దేనికీ చూడలేదు. ప్రింటులో బొమ్మ పక్కనే సన్నని గీతగా ధ్వని ముద్రితమై ఉంటుంది. అయితే ఒక బొమ్మకు చెందిన ధ్వని దాని పక్కనే ఉండదు, సుమారు 20 ఫ్రేముల దూరం ముందుగా ఉంటుంది; వెలుతురు పడే గేటు దాటి కిందనున్న, ధ్వనిని చదివే సౌండ్ హెడ్‌కు ఫిల్ము చేరడానికి అంత దూరముంటుంది మరి. మధ్యలో ఫిల్మును వదులుగా వంచి వదిలే లూపు కొంచెం పెద్దదైనా చిన్నదైనా బొమ్మకూ ధ్వనికీ పొత్తు చెడుతుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే యంత్రంలో నాలుగైదు ఫ్రేముల తేడాను మామూలు సినిమాలో ఎవరూ పట్టించుకోరు. పెదవులకన్నా మాట కాస్త వెనకబడుతుంది, అంతే. ఈ సినిమాలో తలుపు పడ్డాక చప్పుడు వస్తే ఆ భయం కాస్తా నవ్వులాట అవుతుంది. "లూపు తప్పితే దెయ్యం చచ్చిపోతుందిరా" అంటూ నాన్నగారు ప్రతి రీలుకూ చక్రాల పళ్ళు లెక్కపెట్టి ఎక్కించేవారు.

రెండో రోజున మేనేజరు గారు పైకి వచ్చారు. ఆఖరి బస్సు అందడం లేదని జనం గొడవ చేస్తున్నారని, నడక తప్ప మరేమీ లేని ముక్కలు కొంచెం కత్తిరించమని అడిగారు. అటువంటి కత్తిరింపులు ఆ రోజుల్లో మామూలే; ఎన్ని పాటలు, ఎన్ని హాస్య సన్నివేశాలు అలా మా గది నేలమీద పడి, ప్రింటు తిరిగి వెళ్ళే రోజున మళ్ళీ అతుక్కున్నాయో చెప్పలేను. నాన్నగారు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆరోజు మాత్రం, "ఈయన సినిమాలో నడకే ముఖ్యమండీ, అది తీసేస్తే మిగిలేది అరుపులే" అన్నారు. చివరికి బస్సువాడితోనే మాట్లాడి కొన్ని నిమిషాలు ఆపించినట్టు గుర్తు.

పక్క ఊరి హాలుకూ మాకూ కలిపి ఒకే ప్రింటు వచ్చింది. అక్కడ ఆట మా కంటే ముందు మొదలయ్యేది. అక్కడ ఆడిన రీళ్ళను ఒక కుర్రాడు సైకిలు మీద కాలువ గట్టు వెంబడి తెచ్చి ఇవ్వాలి, ఇక్కడ అయినవి తిరిగి తీసుకెళ్ళాలి. రెండో ఆటకు అతను ఒంటరిగా చీకట్లో రావాలి. మొదటి రెండు రోజులు బాగానే వచ్చాడు. మూడో రోజున అక్కడ ఖాళీ సమయంలో లోపలికి వెళ్ళి సినిమా చూశాడట. ఆ రాత్రి మాకు రీలు రాలేదు. తెరమీద స్లైడ్లు వేసి జనాన్ని ఆపుతూ, గేటుకీపరు తాతను లాంతరుతో ఎదురు పంపితే, వంతెన దగ్గర సైకిలు దిగి డబ్బాను గట్టున పెట్టి దానికి దూరంగా నిలబడి ఉన్నాడట. "డబ్బాలో పిల్లి అరుస్తోందండీ" అన్నాడని తాత వచ్చి చెప్పాడు. ఆ వారమంతా తాతే తోడు వెళ్ళాల్సి వచ్చింది.

ఇంత చేసినా సినిమా మా దగ్గర నిలబడలేదు. మొదటి రోజు వచ్చిన ఆడవాళ్ళు మళ్ళీ రాలేదు, పిల్లలను రానివ్వలేదు. వారం తిరిగేలోపు తీసేసి మరేదో వేశారు. డబ్బాలు బస్సెక్కించి వచ్చాక, మంచి సినిమాను జనం భయపడి వదిలేశారని నాన్నగారు బాధపడ్డారు. భయపడడానికి తీసిన సినిమాకు అంతకన్నా గొప్ప మెప్పు ఏముంటుందని నాకు తరువాత అనిపించింది.

* * *

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే రోజుల్లో వర్మ గారి గురించి పత్రికల్లో వచ్చినవన్నీ చదివేవాణ్ణి. విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చదివారని, హైదరాబాదులో ఒక పెద్ద హోటలు నిర్మాణంలో సైట్ ఇంజనీరుగా చేశారని, అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల దుకాణం నడిపారని తెలిసింది. వీటన్నిటికన్నా నా మనసుకు పట్టిన సంగతి వేరే ఉంది. ఆయన తండ్రి కృష్ణంరాజు గారు అన్నపూర్ణ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. "సౌండుతో చంపుతున్నాడ్రా" అన్న మా నాన్నగారి మాట అది చదవగానే చెవిలో మళ్ళీ మోగింది. తండ్రి ఉద్యోగానికీ కొడుకు శైలికీ నేరుగా ముడి వేయడం న్యాయం కాకపోవచ్చు. అయినా ప్రొజెక్టరు పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ముడి వేసుకోవడంలో నాకొక సంతోషం ఉంది.

ఆయన పనిలో రెండు పట్లు మొదటి నుంచీ ఉన్నాయి. ఒకటి స్టెడీకామ్. కెమెరామన్ ఒంటికి కట్టుకునే ఆ పరికరంతో కెమెరా నడుస్తుంది, పరుగెత్తుతుంది, మెట్లు ఎక్కుతుంది, కానీ ఊగదు. "శివ"లో ఆయన దాన్ని వెంటాడే పరుగుల కోసం వాడారు. "రాత్రి"కి వచ్చేసరికి వెంటాడేవాడు కనబడకుండా పోయి, ఆ చూపు మాత్రం మిగిలింది. మనిషి నడిస్తే తల కొంచెమైనా కదులుతుంది. ఏమీ కదలకుండా జారుతూ వచ్చే చూపు మనిషిది కాదని చూసేవారికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ సినిమాకు ఛాయాగ్రహణం చేసిన తేజ గారు తరువాత దర్శకుడిగా ఎంత పేరు తెచ్చుకున్నారో తెలిసిందే. నేపథ్య సంగీతం చేసిన కుర్రాడు మణిశర్మ గారు. ఆయన పాటలు తరువాత కాలంలో మా హాలు రేకులను ఎన్నిసార్లు అదరగొట్టాయో!

రెండో పట్టు ధ్వనిని దాచుకోవడం. ఎక్కువమంది దర్శకులు భయం రాబోతోందని సంగీతంతో ముందే చెబుతారు. మంచి రోజుల్లో వర్మ గారు ఆ సంగీతాన్ని ఆపేసి, ఫ్యాను తిరిగే చప్పుడునూ కుళాయి చుక్కనూ వదిలేవారు.

1996లో "దెయ్యం" వచ్చేసరికి మా హాలులో కార్బన్ కడ్డీలు పోయి జెనాన్ దీపం వచ్చింది. నాన్నగారి కళ్ళకు కొంత సుఖం దొరికింది. ఊరికి దూరంగా ఫామ్‌హౌస్‌లో ఉండే కుటుంబం కథ అది. జె.డి. చక్రవర్తి, మహేశ్వరి, వారితో పాటు జయసుధ గారు. ఇంటి ఇల్లాలిగా, అక్కగా జనం అంతగా ప్రేమించిన జయసుధ గారిని అలాంటి ఇంట్లో పెట్టడమే సగం భయం. సెలవులకు ఇంటికి వెళ్ళి నాన్నగారి పక్కన నిలబడి చూశాను. ఆట అయ్యాక ఆయన, "జయసుధ గారిని కూడా వదల్లేదు చూడు" అని నొచ్చుకున్నారు. సినిమాగా చూస్తే "రాత్రి"లో ఉన్న ఓపిక ఇందులో తక్కువని నా అభిప్రాయం.

1999లో వచ్చిన "కౌన్" హిందీ సినిమాను హైదరాబాదులో అద్దె గదిలో, స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న సీడీలలో చూశాను. ఒక ఇల్లు, వాన, ముగ్గురు మనుషులు, ఒక్క పాట లేదు. దాన్ని దెయ్యం సినిమా అనలేం గానీ, తలుపు గంటను అంత భయంకరంగా మోగించినవారు మరొకరు లేరు. మా గదికి గంట లేకపోవడం అదృష్టమనుకున్నాను.

* * *

అప్పటికి నేను సినిమా హాళ్ళలో ధ్వని పరికరాలు అమర్చి, మరమ్మతు చేసే పనిలో కుదిరాను. ఒకే స్పీకరు తెర వెనక ఉండే కాలం పోయి, పక్క గోడలకూ వెనక గోడకూ స్పీకర్లు వేలాడదీసే కాలం వచ్చింది. ఊరూరా తిరిగేవాళ్ళం. పోస్టర్ల మీద హీరో పేరుకన్నా పెద్ద అక్షరాలతో డీటీఎస్ అని రాసుకున్న హాళ్ళలో కూడా వెనక స్పీకర్లు పనిచేయకపోవడం మాకు మామూలుగా కనబడేది. కాలిపోయిన ఆంప్లిఫయరును బాగుచేయించాలంటే డబ్బు. వెనక స్పీకరు లేకపోయినా మాటలూ పాటలూ ముందునుంచి వస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరూ అడగరు.

2003 వేసవిలో "భూత్" విడుదలైనప్పుడు హైదరాబాదులోని ఒక హాలు యజమాని మమ్మల్ని పిలిచాడు. సినిమా బాగా భయపెడుతోందని అందరూ అంటున్నారనీ, తన హాలులో మాత్రం జనం పక్కవారితో కబుర్లు చెప్పుకుంటున్నారనీ అతని ఫిర్యాదు. మ్యాట్నీ జరుగుతుండగా వెళ్ళి వెనక వరుసలో నిలబడ్డాను. బొంబాయిలో ఎత్తైన భవనంలో ఒక ఫ్లాటు, అందులోకి కొత్తగా దిగిన అజయ్ దేవగన్, ఊర్మిళ. అంతకుముందు ఆ ఫ్లాటులో ఉన్నావిడ బాల్కనీ మీదినుంచి పడి చనిపోయింది. ఆ సంగతి భార్యకు చెప్పకుండానే అతను ఇల్లు తీసుకుంటాడు. పెద్ద నగరంలో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిసినవారికి అతని మీద కోపం కూడా రాదు. తెర మీద అంతా బాగానే ఉంది, మాటలు స్పష్టంగా ఉన్నాయి. కానీ ఊర్మిళ ఉలిక్కిపడి వెనక్కి తిరిగిన ప్రతిసారీ జనానికి ఆమె దేనికి ఉలిక్కిపడిందో తెలియడం లేదు. ఆ చప్పుడు రావలసినది మా వెనక గోడలోంచి.

ఆంప్లిఫయరు ఒకటి మొత్తంగా చచ్చి ఉంది. వేరే హాలు నుంచి ఒకదాన్ని తెప్పించి, తీగలు కలిపి, మొదటి ఆట మొదలయ్యేలోపు పని ముగించాం. యజమానిని వెనక వరుసలో కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. సినిమా అదే, హాలు అదే. మ్యాట్నీలో కబుర్లు నడిచిన చోటనే ఈసారి గోడపక్క కుర్చీలలోని వాళ్ళు నడిమి వరుసల్లోకి జరగడం చూశాను. ఒకావిడ చెప్పులు కాళ్ళకింద వదిలి కుర్చీమీదికి కాళ్ళు ముడుచుకుంది. యజమాని నా మోచెయ్యి పట్టుకుని విరామం దాకా వదల్లేదు. డబ్బు మాత్రం బేరమాడే ఇచ్చాడు.

"భూత్"లో కూడా కథ నడుస్తుండగా పాటలు లేవు. సలీం-సులేమాన్‌ల నేపథ్య సంగీతం ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసినది. ఊర్మిళ గారికి ఆ నటనకు ఫిల్మ్‌ఫేర్ వారి విమర్శకుల అవార్డు వచ్చింది. నానా పాటేకర్, రేఖ, సీమా బిశ్వాస్, విక్టర్ బెనర్జీ లాంటి వారందరినీ ఒక ఫ్లాటు చుట్టూ తిప్పడం చిన్న సంగతి కాదు. హాలీవుడ్ దెయ్యం సినిమా "ఎగ్జార్సిస్ట్" అంటే తనకెంత ఇష్టమో వర్మ గారు ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ ఇష్టం ఈ సినిమా నిండా కనబడుతుంది. కానీ మెట్ల దగ్గర కునికే వాచ్‌మన్, పనిమనిషి, పక్కింటివాళ్ళ ఆరాలు పూర్తిగా మనవి. ఆ సినిమా తరువాత కొన్ని నెలలు, రాత్రిపూట పని ముగించి వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు వదిలి మెట్లెక్కేవాణ్ణి. మెట్లు కూడా అంత నమ్మదగినవి కావని ఆ సినిమాయే చెప్పింది గానీ, కనీసం పరుగెత్తడానికి వీలుంటుంది కదా.

* * *

తరువాత వచ్చినవాటి గురించి తొందరగానే ముగిస్తాను. నిర్మాతగా ఆయన "డర్నా మనా హై", "వాస్తు శాస్త్ర" లాంటివి వేరే దర్శకులతో తీయించారు. ఒకే సినిమాలో ఆరు కథలు చెప్పిన "డర్నా మనా హై"లో కొన్ని ముక్కలు ఇప్పటికీ చూడదగినవే. 2008లో సుదీప్‌తో చేతబడి కథగా "ఫూంక్" తీసి, ఆ సినిమాను హాలులో ఒంటరిగా చూసినవారికి 5 లక్షల రూపాయలు ఇస్తానని ప్రకటించారు. మా వాళ్ళందరూ ఉత్సాహపడ్డారు. ఖాళీ హాలులో ఒంటరిగా కూర్చుని స్పీకర్లు పరీక్షించడమే మాకు రోజువారీ పని కాబట్టి ఆ డబ్బు మాకే రావాలని జోకులు వేసుకున్నాం. ఆ తరువాత "అజ్ఞాత్", "భూత్ రిటర్న్స్", 2014లో తెలుగులో "ఐస్ క్రీమ్" వచ్చాయి. చివరిదాన్ని ఫ్లోకామ్ అనే కొత్త పద్ధతిలో తీశామని బాగా ప్రచారం చేశారు.

వీటిలో నాకు నచ్చనిది ఏమిటో చెప్పాలి. "రాత్రి"లో కెమెరా ఎక్కడుందో మనకు తెలియదు, అందుకే భయం. తరువాతి సినిమాల్లో అది బల్ల కిందా, కాఫీ కప్పు వెనకా, కాళ్ళ మధ్యా దూరి తానున్నానని చెప్పుకోవడం మొదలుపెట్టింది. ధ్వని కూడా అంతే. దాచుకోవలసినదాన్ని ప్రతి నిమిషం బయటికి తీస్తే చెవి అలవాటు పడిపోతుంది. మీటరు మీద చూసే పని కాబట్టి నాకు బాగా తెలుసు. ముల్లు ఎప్పుడూ ఎర్రగీత దగ్గరే ఊగుతుంటే పెద్ద చప్పుడు పెద్దదిగా అనిపించదు. ఎప్పుడూ గొప్ప సినిమాలే తీయాలని ఏ దర్శకుణ్ణీ అడగలేం. అయినా తనకన్నా బాగా ఆ రహస్యం తెలిసినవారు లేరు గనుక, ఆయనే దాన్ని పక్కన పెట్టడం చూసి ఆశ్చర్యపోయాను.

నాన్నగారు "భూత్"ను చూడలేదు. అప్పటికి ఆయన చెవి మందగించింది. వినబడని వాడికి ఆ సినిమా ఎందుకురా అని నవ్వేసేవారు. "రాత్రి" మాత్రం ఒకసారి టీవీలో వస్తుంటే చూసి, ఫలానా చోట మూడో రీలు ముగుస్తుందని, ఫలానా చోట తాను అతుకు వేశానని చెప్పారు. టీవీలో ఆ అతుకు ఉండదు కదా అంటే, "నాకు కనబడుతోంది" అన్నారు.

మా పనివాళ్ళ మధ్య ఈ రెండు సినిమాలలో ఏది గొప్పదన్న వాదన ఇప్పటికీ వస్తుంది. అన్ని హాళ్ళూ డిజిటల్ అయిపోయాయి, లూపులూ అతుకులూ లేవు, కాబట్టి వాదించుకోవడానికి ఇలాంటివే మిగిలాయి. నాకన్నా చిన్నవాళ్ళందరూ "భూత్" వైపే. ధ్వని, నటన, పరికరాలు ఏ లెక్కన చూసినా వాళ్ళ మాటే నెగ్గుతుంది, పైగా ఆ సినిమా నాకు సంపాదన కూడా ఇచ్చింది. అయినా నా ఓటు "రాత్రి"కే. "భూత్"ను ఒక ఆంప్లిఫయరు చచ్చి మాట్లాడనీయకుండా చేసింది. రేకుల కప్పు కింద ఒకే ఒక్క పాత స్పీకరుతో, వేరుశనక్కాయలు అమ్మే కుర్రాళ్ళ మధ్య, "రాత్రి" మా ఊరి జనం చేత తలలు తిప్పించింది.